పెంట ఎత్తేది ఎవరు? ఎరువు ఎవరి చేనుకు?

మీ ఊరి పొలిమేర దాకా పోయి చూడుండ్రి. ఒక రేకుల షెడ్డు ఉంటది. షెడ్డులో ఇటుక గోడలతో అరలు కట్టి ఉంటయి. ఒక్కో అర మీద రంగుతో రాసి ఉంటది: ప్లాస్టిక్, గాజు, ఇనుము, అట్టలు. ఇంకో పక్క తొట్లు. ఆ తొట్లల్ల తడి చెత్త పోసి, వానపాములు వదిలి, ఎరువు తీసి, అమ్మి, పంచాయతీకి ఆదాయం తెస్తామని 2019 సెప్టెంబరులో పల్లెప్రగతి మొదలైనప్పుడు సర్కారు చెప్పింది. పంచాయతీకొక ట్రాక్టరు, ట్రాలీ, ట్యాంకరు, షెడ్డు. గద్వాల దిక్కు పోయినా, వనపర్తి దిక్కు పోయినా, నాగర్‌కర్నూల్ దిక్కు పోయినా నమూనా ఒక్కటే. తొట్లల్ల వానపాములు ఉన్నయా, ఎండిన ఆకు ఉన్నదా, మేకలు పడుకున్నయా అనేది మాత్రం ఊరికో తీరు.

'చెత్త నుంచి సంపద' అని గోడల మీద రాసిండ్రు. మంచి మాటే. చెత్త ఏరే చేతులు ఏ వాడ నుంచి వస్తున్నయి? సంపద ఏ చేనుకు పోతున్నది? ఈ రెండింటికి మీ ఊర్ల జవాబు దొరికితే వానపాముల పథకం సంగతంతా తెలిసిపోతది. దొరకకుంటే ఒక పొద్దున షెడ్డు కాడ నిలబడుండ్రి. ట్రాక్టరు దిగి చెత్త కెలికే అక్కను ఇంటిపేరు అడగనక్కర లేదు. పని అయినంక ఆమె ఏ వాడ దిక్కు నడుస్తదో చూస్తే చాలు.

వానపాము మీద మనకు పగ లేదు. దాన్ని మనం ఎర్ర అంటం. వానకు నానిన చెరువుకట్ట కింద తవ్వి గాలానికి గుచ్చినోళ్లం. డార్విన్ అనే ఇంగ్లీషు శాస్త్రవేత్త 1881లో ఈ ఎర్రల మీదనే ఒక పుస్తకం రాసిండు. పంట పండే పై మట్టి ఎన్నోసార్లు వీటి కడుపుల నుంచి పోయి వచ్చిందేనని తేల్చిండు. కుళ్లిన ఆకును, పెండను తిని, పేగుల్లో మెత్తగ చేసి, టీపొడి అసొంటి గింజల మట్టిగ విడుస్తది ఎర్ర. దానికి కంపు ఉండదు, చేతికి అంటదు. నత్రజని, భాస్వరం, పొటాష్ మొక్క తీసుకునే రూపంలో దాంట్ల ఉంటయి. మేలు చేసే సూక్ష్మజీవులు కూడ ఉంటయి.

అయితే ఇక్కడ ఒక లెక్క చెప్పుకోవాలె. పథకం సంచి భుజానికేసుకొని వచ్చేటోడు సగం లెక్కే చెప్తడు. సర్కారు ఎరువుల నియంత్రణ ఉత్తర్వులో వానపాముల ఎరువుకు పెట్టిన కొలత ప్రకారం నత్రజని నూటికి ఒక పాలు ఉంటే చాలు. యూరియాలో నూటికి 46 పాళ్లు. అంటే 45 కిలోల యూరియా బస్తాలో ఇరవై కిలోలకు పైగ నత్రజని. అంత నత్రజని ఎర్రల ఎరువుతోని రావాలంటే సుమారు రెండు టన్నులు మోయాలె. 266 రూపాయల 50 పైసల బస్తా జాగాల రెండు టన్నులు! కాబట్టి యూరియా మానేసి నాలుగు గంపల ఎర్రల ఎరువు చల్లితే పంట ఇరగ కాస్తదని ఎవరన్న చెప్తే నమ్మకుండ్రి. వాని చేన్ల వాడు యూరియానే వేస్తున్నడో లేదో అడుగుండ్రి.

మరి దీని అక్కర ఏంది? నేల కోసం. మన చెల్కలు ఎర్రవి, పలుచనివి, నీళ్లను పట్టి ఉంచవు. యూరియా మొక్కకు తిండి పెడుతది గని నేలకు పెట్టదు. పెంట, ఆకు, ఎర్రల మట్టి కలిసిన నేల వాననీళ్లను పట్టుకుంటది. రెండు వానల నడుమ ఎడం వస్తే పైరును నాలుగు దినాలు ఎక్కువ బతికిస్తది. పాలమూరుల ఆ నాలుగు దినాలే పంట. నడిగడ్డల పత్తి విత్తనాల ప్లాట్లు పెట్టిన నేలలు ఏండ్ల తరబడి మందు సంచులు, పురుగుమందు డబ్బాలు చూసినయి. మాగిన పెంట చూసింది తక్కువ. 2025 వానాకాలంలో యూరియా దొరకక రాష్ట్రమంతా సొసైటీల ముందు చెప్పులు వరుసల పెట్టి కూసున్నరు. పదెకరాలోనికి ఆ వరుసల నిలబడనీకి ఒక మనిషి ఉంటడు. అరెకరం ఉన్నోనికి ఆ వరుస అంటే ఆ రోజు కూలి పోవుడే. తన నేలకు తన ఎరువు ఉండుడు ఎవరికన్న ముందు చిన్న కమతం ఉన్న మనకే అవసరం.

ఇంత విలువైన ఎరువును తరతరాలుగ తయారు చేసింది ఎవరు? గద్వాల సంస్థానం, వనపర్తి సంస్థానం, కొల్లాపూర్ సంస్థానం. ఈ మూడింటి కింద ఉన్న ఊర్లల్ల పొద్దు పొడవక ముందే దొర దొడ్డిల పెండ తీసింది జీతగాడు. కొట్టం ఊడ్చి, గంపలకెత్తి, నెత్తిన పెట్టుకొని పెంటబొందల పోసింది ఆ జీతగాని ఇంటామె. ఎండాకాలం రాంగనే బండ్లు కట్టి ఆ పెంటను చేన్లకు తోలింది మన తాతలు. కూలి ఉన్నదా? లేదు, అది వెట్టి. కుప్పలు పోసి, తట్టలతోని చల్లి, దున్ని, విత్తి, కోసి, కల్లం చేసినంక మన వంతుకు వచ్చినవి కల్లం ఊడ్చిన గింజలు.

మనకు చారెడు ఇనాం చెల్క ఉన్న కాడ కూడ కథ అంతే. చెల్క ఉంటే పెంట ఏది? పసులు దొరవి, పెండ దొరది. తొవ్వల పడ్డ పెండను మన ఆడోళ్లు ఏరుకొస్తే అది పిడుకలకే అయిపాయె, చేను దాకా పోయింది లేదు. ఎరువు చేసే విద్య మన చేతుల పెట్టిండ్రు. ఎరువు మాత్రం దొర బొందల పెట్టిండ్రు.

విద్య అని ఊరికే అంటలేం. బొందల చెయ్యి పెట్టి వేడి చూసి, వాసన పట్టి పెంట మాగిందో లేదో చెప్పినోళ్లు మన పెద్దలు. పచ్చి పెండ చేనుకు తోలితే చెదలు పడుతదని, ఏ నేలకు ఎన్ని బండ్లు తోలాలెనో, తోలినంక ఎన్ని దినాలకు దున్నాలెనో వాళ్లకు తెలుసు. ఆల్బర్ట్ హోవార్డ్ అనే దొర 1924 నుంచి 1931 దాకా ఇండోర్‌ల ఉండి కంపోస్టు మీద పని చేసిండు. ఆ పద్ధతికి ప్రపంచమంతా ఇండోర్ పద్ధతి అని పేరు. ఈ దేశం రైతులే తనకు గురువులని ఆయన చెప్పుకున్నడు. సంతోషం. ఆ గురువుల పెంటబొందలు నింపిన జీతగాడు ఏ బడిల గురువు అయిండు?

పెంట ఎత్తే పనికి పూలదండ వేసుడు కూడ ఈ దేశంల పాతదే. పాకీ పనిని గాంధీ గారు సేవ అని, తల్లి బిడ్డకు చేసే పని అసొంటిదని పొగిడిండు. కాంగ్రెసు, గాంధీ అంటరానోళ్లకు చేసిందేంది అని అంబేద్కర్ 1945లో రాసిన పుస్తకంల ఈ పొగడ్త తోలు ఒలిచిండు. ఒక పనిని ఒక్క అంటరానోనికే మంచిదని చెప్పి, దాన్ని వాడు ఇష్టంతోని మోసేటట్టు చేసుడు ఎంత క్రూరమో చూపించిండు.

1956 అక్టోబరు 15న, బౌద్ధం తీసుకున్న మర్నాడు, నాగపూర్ సభల ఆయన ఒక పాత సంగతి చెప్పిండు. చచ్చిన గొడ్లను ఈడ్చుడు బందు పెట్టమని మహార్లకు చెప్పినప్పుడు అవతలోళ్లు లెక్కలు కట్టి రాసిండ్రట. తోలుకు ఇంత, కొమ్ములకు ఇంత, ఎముకలకు ఇంత, ఏడాదికి ఇన్ని రూపాయలు మహార్లు పోగొట్టుకుంటున్నరు, అంబేద్కర్ వాళ్ల కడుపు కొడుతున్నడు అని. బాబాసాహెబ్ జవాబు సూటిగ ఉన్నది. అంత లాభం ఉంటే ఆ పని మీరే చేయుండ్రి, ఆ లాభం మీరే తినుండ్రి.

'చెత్త నుంచి సంపద' అనేటోళ్లకు మన జవాబు సగం దాకా ఇదే. సగం దాకానే ఎందుకంటే, చచ్చిన గొడ్డును వదిలితే మనకు పోయేది ఏం లేదు. ఎరువును వదిలితే మన నేల చస్తది. ఊరోళ్ల పెంటను మన చేతులతోని ఎత్తుడు ఒకటి. మన చెల్కకు మనం ఎరువు చేసుకునుడు ఇంకొకటి. ఈ రెండింటిని కలిపి ఒకే గంపల పోసి మన నెత్తికెత్తుతున్నది సర్కారు. మనం విడదీయాల్సింది ముందు ఈ రెండింటిని, తడి చెత్త పొడి చెత్త తర్వాత.

షెడ్డు కాడ పని చేసేది ఎవరో చూద్దాం. మల్టీపర్పస్ వర్కర్ అని 51 నంబరు జీవోల పేరు పెట్టిండ్రు. అంటే మోరీ తీసేది ఆయనే, ట్రాక్టరు నడిపేది ఆయనే, నర్సరీకి నీళ్లు పోసేది ఆయనే, కరెంటు బుగ్గ కోసం స్తంభం ఎక్కేది ఆయనే. నెలకు 8,500 రూపాయలు. 2023 మే డే నాడు ఒక వెయ్యి పెంచుతున్నట్టు ప్రకటించిండ్రు. అదే ఏడు జూలైల పంచాయతీ కార్మికులు రాష్ట్రమంతా సమ్మె దిగిండ్రు. జీవో 51 తీసేయాలె, పర్మినెంటు చేయాలె, కనీస వేతనం ఇయ్యాలె అన్నరు. సమ్మె నడిచిన ఆ దినాలల్ల ఊర్ల చెత్త ఎత్తనీకి ఏ కులపోళ్లు గంప పట్టుకొని ముందుకొచ్చిండ్రు? ఒక్క ఊరి పేరు చెప్పుండ్రి, అచ్చేస్తం.

మల్టీపర్పస్ అనే మాట కొత్తది. ఎట్టి, బేగరి, నీరడి అనే మాటలు పాతవి. ఊరి పనులన్ని తెచ్చి ఒక్కని మెడకు కట్టే పగ్గం మాత్రం అదే.

ఇగ వేరు చేసుడు సంగతి. ఇంటింటికి రెండు బుట్టలు ఇచ్చిండ్రు, తడి చెత్తకు ఒకటి, పొడి చెత్తకు ఒకటి. వాటిల్ల ఉల్లిగడ్డలు పోసుకున్నోళ్లు ఉన్నరు, బట్టలు నానబెట్టినోళ్లు ఉన్నరు. చెత్త మాత్రం అంతా కలిపి ఒక్క సంచిల కట్టి ట్రాక్టరుల విసురుతరు. మిగిలిన అన్నం, పగిలిన సీసా, షుగరు సూదులు, పసిపిల్లల డైపర్లు, ఆడోళ్ల ప్యాడ్లు, పత్తికి కొట్టిన మందుల డబ్బాలు, అన్నీ ఒకే సంచిల. ఈ సంచిని అట్లనే తొట్టిల కుమ్మరిస్తే వానపాము బతకదు. ఉప్పుకు ఓర్వదు, కారానికి ఓర్వదు, నూనెకు ఓర్వదు, పురుగుమందుకు అసలే ఓర్వదు. దాని పానం కోసం ఎవరో ఒకరు కూసొని చెత్తను ఏరాలె. ఏరే చేతికి తొడుగు లేదు. వానపాము బతుకనీకి మన అక్క చెయ్యి తెగుతది.

2016లో కేంద్రం తెచ్చిన ఘనవ్యర్థాల నిబంధనలు పట్టణాల కోసం రాసినవే. అయినా వాటిల్ల ఒక న్యాయమైన మాట ఉండె. చెత్త ఎవరు చేస్తే వాళ్లే ఇంట్ల వేరు చేసి ఇయ్యాలె, ప్యాడ్లు, డైపర్లు విడిగ చుట్టి ఇయ్యాలె. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ మున్సిపాలిటీలల్ల ఈ మాట ఎంత నడిచిందో అక్కడి సఫాయి కార్మికులనే అడుగుండ్రి, ఆఫీసర్లను అడగకుండ్రి. కలిపి ఇచ్చేటోళ్లకు తెలివి లేకనా? బియ్యంల రాళ్లు ఏరుకునేటందుకు తెలివి ఉన్నది, పల్లీల పుచ్చులు ఏరుకునేటందుకు తెలివి ఉన్నది. చెత్త కాడికి రాంగనే తెలివి ఎటు పోతది? ఏరేటందుకు ఒకడు పుట్టి ఉన్నడనే ధీమా. దీన్ని పరిశుభ్రత మీద అవగాహన లేకపోవుడు అని అధికారులు రాసుకుంటరు. మనం కులం అని రాద్దాం.

ఎరువు తయారైతే ఎటు పోతది? నర్సరీకి, పల్లె ప్రకృతి వనానికి, రోడ్డు పక్క మొక్కలకు. మిగిలింది అమ్మాలని చెప్పిండ్రు. కొనేది ఎవరు? ట్రాలీ తోలుకొచ్చి ఒక్కసారే కొనగలిగినోళ్లు, తోటలు ఉన్నోళ్లు. ఆ పైకం పంచాయతీ ఖాతాల పడుతది. ఏరినోళ్లకు ఒక్క బస్తా? ఏరినోళ్ల వాడల మునగచెట్టుకు ఒక్క గంప?

భూమి సంగతి కూడ ఇక్కడనే మాట్లాడాలె. అభివృద్ధి కట్టడం ఏది వచ్చినా జాగా కోసం అధికారుల చూపు ముందు మన అసైన్డు భూమి మీదనే పడుతది. 2020 జూలైల సిద్దిపేట జిల్లా వేలూరుల ఒక దళిత రైతు, రైతువేదిక కోసం తన భూమి తీసుకుంటున్నరని మందు తాగి పానం తీసుకున్నడు. రైతు పేరు మీద వేదిక, రైతు పానం మీద పునాది. మీ ఊర్ల షెడ్డు ఎవరి పట్టా మీద ఉన్నదో పాత పహాణీ తీసి చూడుండ్రి.

మన సంఘాలల్లనే ఈ సంగతి మీద రెండు మాటలు నడుస్తున్నయి. ఒక మాట, చెత్త పనిని మొత్తానికే వదిలెయ్యాలె, షెడ్డు మొఖం చూడొద్దు అని. రెండో మాట, షెడ్డును మన మహిళా సంఘాలకే కాంట్రాక్టు ఇయ్యమని అడుగుదాం, నాలుగు పైసలు మనకే వస్తయి అని. మొదటి మాటల గౌరవం ఉన్నది. గని రేపు పొద్దున పొయ్యి మీదికి ఏం పెట్టాలెనో అది చెప్పదు. 9,500 వదులుకోమని ఇంకొకళ్లకు చెప్పేటోడు ముందు తన జీతం ఎంతనో చెప్పాలె. రెండో మాటల కూడు ఉన్నది. గని ఆ కాంట్రాక్టు కాగితం మీద కులవృత్తి అని రాయకుండనే రాసి ఉంటది. ఒకసారి మన సంఘం పేరు మీద ఎక్కిందంటే ఇగ ఏ కాలంల కూడ అది వేరే వాడకు పోదు. చెప్పు మన పనితనం, డప్పు మన పనితనం. 1994ల దండోరా లేచినంక వాటిని నెత్తిన పెట్టుకొని తిరిగినం, తప్పు లేదు. పెంటగంపను ఆ వరుసల పెట్టకుండ్రి. అది మన పనితనం నుంచి రాలేదు, మన మీదికి తోసిండ్రు.

మా మాట ఇది. ఏరుడు ఊరి పని, కాబట్టి ఊరు ఇంట్లనే ఏరాలె. ఏరిన తడి చెత్తను ఎరువు చేసుడు నైపుణ్యం ఉన్న పని, దానికి నైపుణ్యం కూలి కట్టాలె, అది అన్ని కులాలోళ్లు చేసే పని కావాలె. తయారైన ఎరువుల మొదటి వాటా చేసినోళ్లది, రెండో వాటా ఊర్ల చిన్న కమతాలోళ్లది.

ఎరువు మనదైతే ఏమైతదో చూడాలంటే జహీరాబాద్ దిక్కు పోవాలె. పస్తాపూర్ కాడ 1983ల మొదలైన డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాలల్ల ఎక్కువ మంది దళిత ఆడోళ్లు. ఎవరూ దున్నని బీడు చెల్కలకు గట్లు కట్టి, పెంట తోలి, జొన్న, కొర్ర, కంది కలిపి విత్తి కడుపు నింపుకున్నరు. 2019ల ఐక్యరాజ్యసమితి ఈక్వేటర్ బహుమతి వాళ్ల దాకా వచ్చింది. బహుమతి ముచ్చట పక్కన పెట్టుండ్రి. అక్కడ పెంట మోసిన నెత్తి, జొన్న తిన్న నోరు ఒక్క మనిషివే. మన పాలమూరుల ఇది ఎందుకు కాలేదు? నేల లేదు, నేల ఉన్న కాడ పసులు లేవు, పసులు ఉన్న కాడ మనిషి లేడు, బొంబాయికో పూణెకో వలస పోయిండు. ఊరి దేశాల ప్రాజెక్టులకు మట్టి మోసిన చేతులకు సొంత చెల్కల మట్టి పట్టే తీరిక రాలేదు.

అయినా సరే, చెల్క ఉన్నోళ్లు, పెరడు ఉన్నోళ్లు చేసుకోవచ్చు. పైసలు పెట్టి తొట్టి కట్టనక్కర లేదు. చెట్టు నీడన, లేకుంటే తాటాకు పందిరి కింద పది అడుగుల పొడవు, మూడు అడుగుల వెడల్పు, అడుగున్నర ఎత్తుతోని మడి చాలు. నీళ్లు నిల్వకుండ కొంచెం మెరక జాగా చూసుకోవాలె. అడుగున పల్లిపొట్టు, చొప్ప ముక్కలు, కందికట్టె నాలుగు అంగుళాలు పరవాలె. వనపర్తి దిక్కు పల్లిపొట్టుకు కరువు లేదు. పత్తికట్టె మాత్రం ముక్కలు చేయకుంటే ఏడాదైనా కుళ్లదు, పురుగుమందు ఎక్కువ కొట్టిన చేనుదైతే అసలు తేవొద్దు.

పెండ, ఆకుచెత్త సగం సగం కలిపి విడిగ కుప్ప పోసి, నీళ్లు చల్లి, పదిహేను ఇరవై దినాలు వదలాలె. ఇది అసలు కీలకం. పచ్చి పెండ కుళ్లేటప్పుడు వేడి పుడుతది, ఆ వేడికి ఎర్రలు ఉడికి చస్తయి. షెడ్లల్ల ఎర్రలు చచ్చినయంటే చాలాసార్లు ఈ తొందర వల్లనే. కుప్పల చెయ్యి పెడితే చల్లగ తగిలినంక మడిల నింపాలె. మేకల ఎరువు కూడ కొంచెం కలుపుకోవచ్చు, అది వేడి ఎక్కువ, ఇంకా మాగనియ్యాలె.

అప్పుడు ఎర్రలు వదలాలె. కిలోకు సుమారు వెయ్యి ఎర్రలు తూగుతయి. కిలోకు వందల రూపాయలు చెప్పి అమ్ముతరు. కొనకుండ్రి. ఎవరి మడిల ఉంటే వాళ్ల దగ్గర రెండు దోసిళ్లు అడిగి తెచ్చుకోండ్రి. తడి, నీడ, తిండి ఉంటే రెండు మూడు నెలలల్ల రెట్టింపు అయితయి. మడి మీద గోనెసంచులు కప్పి నీళ్లు చిలకరించాలె. మడిల మట్టి గుప్పెట పట్టి పిండితే చెయ్యి తడవాలె, నీళ్లు కారొద్దు. చీమలు రాకుండ చుట్టూ చిన్న కాలువ తీసి నీళ్లు నింపాలె. కోళ్లను తోలాలె. మన వాడ కోళ్లకు ఎర్ర అంటే పండుగ. నిమ్మతొక్కలు, ఉప్పు కారం కూరలు, నూనె, బొక్కలు వేయొద్దు.

నలభై అయిదు నుంచి అరవై దినాలల్ల పై పొర టీపొడి తీరుగ అయితది. నాలుగైదు దినాలు నీళ్లు ఆపితే ఎర్రలు అడుగుకు దిగుతయి. పై ఎరువు తీసి, నీడన కుప్ప పోసి, జల్లెడ పట్టి, ఎండ తగలకుండ దాచుకోవాలె. ఒక మడి నుంచి ఒక్కసారికి మూడు నాలుగు వందల కిలోలు వస్తది. ఎకరానికి టన్ను వేయాలంటే మూడు తడవలు తీయాలె.

కష్టమంతా ఎండాకాలంతోని. 35 డిగ్రీలు దాటితే ఈ ఎర్రలు తాళవు, పాలమూరు ఎండ 42 దాటుతది. రెండు పూటలా నీళ్లు చిలకరించాలె. తాగనీకి బిందె కోసం కొట్లాడుకునే వాడల ఎర్రలకు నీళ్లు ఎక్కడివి? ఈ సంగతి ఏ పథకం కరపత్రంల కూడ ఉండదు. నీళ్లు లేనోళ్లు ఎర్రలు లేకుండనే చేయుండ్రి. పాత పెంటబొందనే కొంచెం బుద్ధితోని నింపాలె. పెండ ఒక పొర, ఆకు ఒక పొర, పైన మట్టితోని మెత్తి మూసి, వానాకాలం మొత్తం మాగనిస్తే ఎరువు అదే అయితది. ఆలస్యం అయితది అంతే. ఇంకో మాట, తొట్టిల ఎర్రలను తీసుకపోయి చేన్ల వదలమని ఎవరన్న చెప్తే వినకుండ్రి. అవి పైపై చెత్త తిని బతికే జాతి, ఎండిన చెల్కల చస్తయి. చేనుకు దాని ఎర్ర దానికి ఉన్నది, లోతుల ఉంటది. పెంట తోలి, విషం తగ్గిస్తే అదే తిరిగి వస్తది.

జాగా లేనోళ్లు? మన వాడల ఇంటికి ఇల్లు ఆనుకొని ఉంటది, పది అడుగుల మడికి చోటెక్కడిది? అందుకే ఊరి ఉమ్మడి జాగాల, నీళ్ల వసతి ఉన్న కాడ, కూలి చేసుకునే ఆడోళ్లకు తలా ఒక మడి అడగాలె. షెడ్డు కాంట్రాక్టు అడిగేదానికి దీనికి తేడా ఉన్నది. ఇక్కడ ఊరోళ్ల డైపర్లు ఉండవు, చెట్ల ఆకు, చేన్ల చెత్త, పెండ ఉంటయి. ఎరువు మడి ఎవరిదో వాళ్లదే. అమ్ముకుంటదో, తన బెండకాయ చెట్టుకు వేసుకుంటదో ఆమె ఇష్టం.

2025 డిసెంబరుల పంచాయతీ ఎన్నికలు అయి కొత్త సర్పంచులు వచ్చిండ్రు. రిజర్వుడు సీట్లల్ల మనోళ్లు కూడ గెలిచిండ్రు. వాళ్లను ముందు నిలబెట్టి గ్రామసభల అడగాలె. వేరు చేయని చెత్తను ట్రాక్టరు ఎత్తొద్దని తీర్మానం చేయుండ్రి. ఒక్క వారం పెద్ద వాకిండ్ల ముందు సంచులు అట్లనే ఉంటే ఏరుడు ఎవరికైనా వస్తది. కార్మికులకు చేతి తొడుగులు, బూట్లు, మూడు నెలలకొకసారి డాక్టరు పరీక్ష రాయించుండ్రి. ఎరువు వాటా రాయించుండ్రి.

మనోడు సర్పంచు అయినా సరే లెక్క అడుగుడు ఆపొద్దు. షెడ్డు కట్టిన నాటి నుంచి నేటి దాకా ఎన్ని కిలోల ఎరువు తీసిండ్రు, ఎవరికి ఇచ్చిండ్రు, ఎంతకు అమ్మిండ్రు, ఎర్రలు కొననీకి ఎంత ఖర్చు రాసిండ్రు, తొడుగులకు ఎంత రాసిండ్రు అని 2005 సమాచార హక్కు చట్టం కింద పంచాయతీ కార్యదర్శికి కాగితం పెట్టుండ్రి. గ్రామపంచాయతీల ఈ దరఖాస్తుకు రుసుము లేదు. 30 దినాలల్ల జవాబియ్యాలె. రాయరాకుంటే వాడల చదువుకున్న పిల్లలతోని రాయించుకోండ్రి. రెండు కాపీలు తీసి ఒకటి వాళ్లకిచ్చి, రెండోదాని మీద తేదీ వేయించి ముద్ర కొట్టించుకోండ్రి.